రెండు రాష్ట్రాల వాగు

మొన్న సోమవారం మా పెద్దబాపు పోయారు. మంచిర్యాలలో ఉన్న నాకు కబురు తెచ్చిన మనిషి, "నిన్న మంచిగనే మాట్లాడిండు. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు.

ఆదిలాబాదు జిల్లా మూలన ఉన్న మా ఊరికి ఆయనే పెద్ద. మా గుట్టల్లో పుట్టిన వాగు కింద మరాఠీ ఊరికి పోతుంది. నిజాం కాలం నుంచి రెండు ఊళ్లూ ఒకే తాలూకా. రాష్ట్రాలను విడదీసినప్పుడు మేం ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయాం, వాళ్లు బొంబాయి రాష్ట్రంలోకి పోయారు. మరుసటి ఎండాకాలం మా పడుచువాళ్లు వాగుకు అడ్డంగా మట్టికట్ట వేస్తామన్నారు.

"నీళ్లు మన రాష్ట్రంలవి పటేలా, గాళ్లనడిగేదేంది?"

పెద్దబాపు కాసేపు ఆలోచించి, "కానియ్యుండ్రి" అన్నారు.

కింద వాగు ఎండిపోయింది. ఆ ఊరి ఆడవాళ్లు ఇసుకలో చెలిమెలు తవ్వి నీళ్లు ముంచుకునేవారు. ఒక మధ్యాహ్నం గుట్టల మీద అకాల వాన కురిసింది. కట్ట తెగింది. చెలిమెలోకి వంగి ఉన్న ఒక కొత్త కోడలు కొట్టుకుపోయింది.

పెద్దబాపు ఆ ఇంటికి వెళ్లారు. వెంట నేనొక్కణ్ణే. ఆమె మామ వాకిట్లోనే అడ్డుపడ్డాడు.

"ఎందుకొచ్చినవ్ పటేలా? కొడ్తరని తెల్వదా?"

"తెలుసు. కట్ట వెయ్యమన్నది నేనే. గా మాట నీకు చెప్పకుంట ఇంట్ల కూసోలేకపోయిన."

ఎవరూ కొట్టలేదు. ఆమె భర్త మాత్రం తలెత్తి చూడలేదు. మిగిలిన కట్టను రెండు ఊళ్లూ కలిసి తవ్వేశాయి. కలిసి కూర్చుని మాట్లాడుకోకుండా వాగులో పార దించొద్దనుకున్నాయి. తర్వాత రెండు రాష్ట్రాల అధికారులూ హద్దు కొలవడానికి వస్తే, నీళ్ల సంగతిలో రెండు ఊళ్లూ ఒకే మాట చెప్పాయి.

కానీ పెద్దబాపుకు అది మళ్లీ మామూలు వాగు కాలేదు. గుట్టల మీద మబ్బు పడితే చాలు, తింటున్న అన్నం వదిలి ఒడ్డు వెంట కిందికి పరుగెత్తేవారు. "పాణీ ఆలం! వర్ యా!" నీళ్లొచ్చాయి, పైకి రండి అని మరాఠీలో కేకలు పెట్టేవారు.

"వాగుల ఎవ్వలు లేరు పెద్దబాపూ."

"వంగి ఉంటే కనవడరురా."

ఆ కేక విని ఒక ఏడు ఓ గొర్లకాపరి ప్రాణంతో బయటపడ్డాడు. ఆ సంగతి ఎత్తితే ఆయన ముఖం తిప్పుకునేవారు.

దహనానికి కింది ఊరివాళ్లు వచ్చారు. అందరికన్నా వెనక ఆ కోడలి భర్త. ఇన్నేళ్లలో పెద్దబాపుతో ఒక్క మాటా మాట్లాడని మనిషి. అందరూ స్నానాలు చేసి వెళ్లిపోయినా అతను కదల్లేదు. చితి పక్కన గొంతుకూర్చుని, జారిపడుతున్న కట్టెలను ఒక కర్రతో మెల్లగా మంటలోకి తోస్తున్నాడు.