బావి తవ్వినవాడికి మధ్య కుర్చీ

ఇందులో ప్రతి అక్షరం నిజం. పలక మీద ఒట్టు వేద్దామంటే మా మార్కాపురం పలక మీది రాత తడిగుడ్డకే చెరిగిపోతుంది. అందుకని నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టిన కెమెరా మీద ఒట్టు.

1957. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం. అప్పటికి మాది కర్నూలు జిల్లా. మార్కాపురంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. తర్లుపాడు దగ్గర ఒక ఊళ్ళో పంచాయతీ బావిలో నీళ్ళు పడ్డాయనీ, పెద్దలందరికీ ఆ బావి దగ్గరే గ్రూప్ ఫోటో తీయాలనీ కబురొచ్చింది. దాన్ని పంచాయతీ ఆఫీసులో వేలాడదీస్తారట.

గ్రూప్ ఫోటోకు ఒక మర్యాద ఉంది. ముందు వరుస కుర్చీల్లో పెద్దలు, వెనక నిలబడేవాళ్ళు. మధ్య కుర్చీ ఎవరిదో ఊరివాళ్ళే తేల్చుకుంటారు. బడి కుర్చీలు తెప్పించి సర్దాను. నల్లగుడ్డ కప్పుకుని గ్రౌండ్ గ్లాస్‌లోకి చూశాను. కెమెరా వెనక ఉండే గరుకు అద్దం అది. అందులో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. ప్రెసిడెంటు గారైనా సరే, కాళ్ళు పైకే.

బావి తవ్విన యేసోబు ఉతికిన పంచె కట్టుకుని, భార్య మరియమ్మతో వచ్చి ఓ పక్కగా నిలబడ్డాడు.

“ఏరా యేసోబూ, ఆ గిలక కాడ నిలబడు పో,” అన్నాడు ప్రెసిడెంటు.

గిలక నా అద్దంలోకి రాదు. గుడ్డ తీసి చూస్తే పక్కనే మరియమ్మ.

“అన్నా, మా ఆయన ఫోటోలో పడతాడా?”

“ఆడుంటే పడడమ్మా.”

“బాయిలో దిగినన్నాళ్ళూ ఎవురికీ కనపడకపాయె. పైకొచ్చినాంక కూడా అంతేనా? రేపు నా బిడ్డలు ఆ ఆఫీసుకు పోతే ఎవుర్ని చూపిచ్చి మా నాయన అనాల?”

ఫోటో పడే గాజు ప్లేట్ ఎక్కించాను. లెన్స్ మూత తీసి మళ్ళీ పెట్టే కాస్త సేపును ఎక్స్‌పోజర్ అంటాం. అంతసేపూ ఎవరూ కదలకూడదు. మధ్య కుర్చీలో ఉన్న ప్రెసిడెంటుకేమో కూర్చుంటే కాలు ఊపే అలవాటు.

“కాలు ఆపండి సామీ,” అన్నాను.

“ఆపినా గదా!”

“నువ్వు ఆపినావు, అది ఆగలే,” అన్నాడు పక్కనున్న కరణం.

అప్పుడు నేను వృత్తి రహస్యం విప్పుతున్నట్టు గొంతు తగ్గించాను. “మధ్యలో ఉండే మనిషి మీదనే ఫోకస్ పెడతాం. ఆయన కదిలితే అందరి మొగాలూ అలుక్కుపోతాయి. రాతి మీద ఉలి పట్టుకునే మనిషైతే కదలడు. కదిలితే సమ్మెట దెబ్బకు చెయ్యే పోతాది గదా.”

పచ్చి అబద్ధం. ఎవరు కదిలితే వాళ్ళ మొహమే చెడుతుంది. కానీ అందరూ యేసోబు వైపు తిరిగారు.

ప్రెసిడెంటు తన మొహం ఒకసారి తడుముకున్నాడు. “రారా, ఇట్ల కూచో.”

“మీ ముందర కుర్చీలోనా? వద్దులే సామీ.”

“నా మొగం పాడు చేస్తావేందయ్యా! రా, కూచో!” అంటూ ఆయనే లేచి పక్క కుర్చీలోకి జరిగాడు.

యేసోబు కూర్చున్నాడు. మోకాళ్ళ మీద రెండు చేతులూ బిగించి, దెబ్బ కోసం ఎదురు చూస్తున్నట్టే. రెప్ప కూడా కదలలేదు.

ఫోటో ఆఫీసు గోడకెక్కింది. కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ మధ్యలో ఉన్నదెవరని అడిగేవాడట. బావి తవ్వినాయన అని ప్రెసిడెంటే చెప్పాల్సి వచ్చేది. అప్పటి నుంచి నేను ఏ గ్రూప్ ఫోటోకు వెళ్ళినా, గుడ్డ కప్పుకునే ముందు “పని చేసినోళ్ళు అందరూ వచ్చినారా?” అని అడుగుతాను. అలా అడిగినందుకు కొన్ని ఊళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు.

ఒట్టు వేశాను కాబట్టి ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ ఫోకస్ మాట నేను అనలేదు. అప్పుడు నేను గుడ్డ కిందే ఉన్నాను. కదిలితే ఫోటో చెడుతుందా అని నన్ను ఒక్క మాట అడిగి, మిగతా శాస్త్రమంతా అక్కడికక్కడే అల్లి చెప్పింది మరియమ్మ. నేను గుడ్డ కిందినుంచి “అవునవును” అన్నాను, అంతే. ఇన్నేళ్ళూ ఆ తెలివి నాదేనని చెప్పుకుంటూ వచ్చాను.

ఆ ఫోటోలో కూడా ఆమె లేదు.