పెరియంపట్టిలో నా గొంతు పలికిన అబద్ధం

వాగ్దేవతకు నమస్కరించి, జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాను. శుభకృత్ నామ సంవత్సర ఆషాఢ బహుళ విదియ నాడు, తమిళనాట ధర్మపురి నుండి వెలువడే మా తెలుగు పక్షపత్రికను పెరియంపట్టి అనే ఊళ్ళో చదివి వినిపించే పని నాకు పడింది. ఆ పత్రికకు వార్తలు వ్రాసి, ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఇంట తెలుగు మాట్లాడుతూ లిపి ఎరుగని కుటుంబాలే ఇక్కడ ఎక్కువ. అందుకే ఊరికొక ప్రతి పంపి, ఒకరు చదవగా అందరూ వినే పద్ధతిని స్థాపకులు వెంకటసామి నాయుడుగారు నెలకొల్పారు. బాల్యంలో సీసపు అక్షరాలు కూర్చి, యౌవనంలో పొలం అమ్మి అచ్చుయంత్రం కొన్న మనిషి. ఆయనను గురువుగా ఎంచినవాడిని.

అదియమాన్‌కోట్టై దగ్గర కడుతున్న కల్యాణమండపంలో పరంజా, ఇక్కడివారి మాటలో సారం, విరిగి పెరియంపట్టి కూలి మునిరత్నం మరణించాడు. పనిచోటి మరణమని తేలితేనే అతని భార్య లక్ష్మమ్మకు పరిహారం. ఆ వార్త నేనే వ్రాశాను. తుది ప్రూఫుపై సంతకం పడ్డాక ఒక్క అక్షరమైనా కదల్చరాదన్నది అచ్చుకూటపు నియమం. ఆ నమ్మకంతోనే పత్రికల కట్ట విప్పకుండా బస్సెక్కాను.

పెరియంపట్టిలో, అతని శవాన్ని మోసినవారి నడుమ నిలబడి బిగ్గరగా చదివాను: “ఇంటివద్ద గుండె ఆగి మునిరత్నం...”

మాట వెలువడ్డాక గాని, నేను వ్రాసిన వార్తను మార్చారని నాకు తెలియలేదు.

“సారం మీదనించి పడినోడి గుండె ఆగక ఆడతాదా అయ్యవారూ?” అన్నది లక్ష్మమ్మ.

“ఇంకొకతూరి చదువు సామీ,” అన్నాడొక ముసలాయన. “మండపం కాడనించి మేం మోసుకొచ్చింది ఎవురినో తెలుసుకుంటాం!”

అచ్చుకు ప్లేటు చేసేముందు వార్త మార్పించినది నాయుడుగారే. ధర్మపురికి తిరిగివచ్చి నిలదీస్తే తలెత్తలేదు. “మండపం ఓనరు ఏడాదంతా అడ్వర్టైజ్‌మెంటు ఇస్తాడు అయ్యవారూ. పేపరు బతకాల్ల గదా! వినినోళ్ళు రెండు దినాల్లో మరిచిపోతారులే.”

పత్రిక బ్రతకడానికి చచ్చినవాడు తన చావును కూడా వదులుకోవాలా అని అడిగాను. మొదటి పుటలో సవరణ కోరాను. కుదరదన్నారు. నా దగ్గరున్న అచ్చుకూటపు తాళంచెవి బల్లమీద పడవేసి వచ్చేశాను. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలన్న కోరికా లేదు.

ఆ ఉద్యోగం నేర్పినది ఇది: చదవలేనివారి ఎదుట పలికిన అబద్ధానికి వ్రాసినవాడితోపాటు పలికినవాడూ బాధ్యుడు.

శ్రావణ బహుళ సప్తమి నాడు, శవం మోసినవారితో కలిసి కార్మికశాఖ కార్యాలయంలో నేనూ వాంగ్మూలం ఇచ్చాను. కార్తిక బహుళ నవమి నాడు అది పనిచోటి మరణంగా నమోదయింది. పత్రికలో సవరణ నేటికీ అచ్చు కాలేదు.