బెప్పు నరకాలు

గల్ఫ్ యుద్ధం ముగిసిన కొత్తలో, సౌదీలో దమ్మాం నుంచి రియాద్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక జగిత్యాల మనిషి కూర్చున్నాడు. జపాన్ ఇంజనీర్లు ఖాళీ చేసిపోయిన క్యాంపులో గదులు ఊడ్చేవాడట. అక్కడ దొరికిన, రంగుల ఫొటోలున్న ఇంగ్లీషు యాత్రా పుస్తకం నా చేతికిచ్చాడు.

"ఇదేం ఊరో జర సదివి చెప్పన్నా."

గ్రంథాలయంలో జపాన్ గురించి చదివినవాణ్ని, ఉత్సాహంగా మొదలుపెట్టాను. అది క్యూషూ దీవిలోని బెప్పు. అక్కడి వేడినీటి గుండాలను నరకాలంటారు. ఒకటి నెత్తురులా ఎర్రగా ఉంటుంది. ఆవిరి మీద గుడ్లు ఉడికించి అమ్ముతారు. లోపలికి వెళ్లాలంటే టికెట్టు కొనాలి.

"నరకానికి టికెట్టు పెట్టిండ్రా?" అని నవ్వాడు. కిటికీ బయట, కువైట్ వైపు ఆకాశం తగలబడుతున్న చమురు బావుల పొగతో మధ్యాహ్నమే నల్లబడి ఉంది.

"మా తమ్ముడు గా కువైట్లనే ఉండె. లడాయి సంది ఉత్తరం లేదు," అన్నాడు. మళ్లీ పుస్తకంలోకి వంగి, "గీ నరకాలు సూడవోయినోళ్లు మల్ల ఇంటికొస్తరా?" అని అడిగాడు.

"సాయంత్రానికల్లా వచ్చేస్తారు."

"అయితే బయటికి తొవ్వ ఏడుందో గీత గియ్యన్నా."

ఆ పేజీలోని ఊరి పటం మీద గుండాల నుంచి రైల్వే స్టేషను దాకా పెన్నుతో గీశాను. రియాద్ వచ్చేదాకా అతని వేలు ఆ గీత వెంటే నడిచింది.

ఆ పేజీ తర్వాత చూడదగ్గ చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటి గురించి ఈనాటికీ నేను చదవలేదు.