టీ పొంగేలోపు తిబ్రా ఇంటికి

మా గదామెస్‌లో మా నానమ్మ మస్సూదాకి తెలియని ఇల్లు లేదు, తెలిసిన వీధి మాత్రం ఒక్కటీ లేదు. పాత ఊళ్ళో కింద వీధులు మగవాళ్ళవి, పైన మిద్దెలు ఆడవాళ్ళవి. లిబియా ఎడారి ఎండకి వీధుల మీద కూడా కప్పులు వేసేశారు. ఇంక ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, పిట్టగోడ దాటితే పక్కిల్లు. వంట పైనే, బేరాలు పైనే, సంబంధాలు కుదిరేదీ పైనే. నేల మీద కాలు పెట్టకుండా ఊరంతా తిరిగేవారు.

నానమ్మ నేస్తం తిబ్రా ఇల్లు ఏడు మిద్దెల అవతల. ఇద్దరూ తోలు చెప్పుల మీద పట్టుదారంతో పూలు కుట్టేవారు. కుడి చెప్పు నానమ్మది, ఎడమ చెప్పు తిబ్రాది. నానమ్మ పొయ్యి మీద టీ పెట్టి, పరుగున వెళ్ళి, తిబ్రా కుట్టుకి వంక పెట్టి, పొంగేలోపు తిరిగొచ్చేసేది.

"ఇది పువ్వటే? తేలు అనుకున్నా!"

"నీ కుడి చెప్పుని చూసి జడుసుకుందే, అందుకే వంకరపోయింది. ఫో, నీ టీ పొంగిపోతోంది!"

నాన్న చిన్నప్పుడు పాత ఊరి పక్కనే ప్రభుత్వం కొత్త ఊరు కట్టించింది. కరెంటు, కుళాయిలు, వెడల్పు రోడ్లు. అందరూ సంబరంగా వెళ్ళారు. మొదటి రోజు నానమ్మ మిద్దె ఎక్కి, పిట్టగోడ దాకా నడిచి ఆగిపోయిందట. అవతల రోడ్డు. ఇంకో పక్కకి వెళ్ళింది. అటూ రోడ్డే.

"ఇదేం ఊరండీ," అందట తాతయ్యతో, "ఇళ్ళకీ ఇళ్ళకీ పడదా?"

అప్పట్నుంచి కొత్త ఊళ్ళో తిబ్రాని చూడాలంటే కారే దిక్కు. ముందు తాతయ్య కారు, ఆయన పోయాక నాన్న కారు. నడిచి వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. కానీ వీధిలోకి ఒంటరిగా దిగడం నానమ్మ కాళ్ళకి రాదు. నాన్నకేమో ఎప్పుడూ పనే. "వచ్చే వారం తీసుకెళ్తాలే అమ్మా." ఆ వారం నెలయ్యేది.

పోయిన చలికాలం తిబ్రాకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాన్న ఒకసారి నానమ్మని దింపితే, తిబ్రా చెయ్యి పట్టుకుని అడిగింది.

"పోయేటప్పుడు నా నోట్లో నీళ్ళు నువ్వే పొయ్యాలే. మా కోడలు పోస్తే సగం మెడ మీదే."

"టీ పొంగేలోపు వచ్చేస్తా, సరేనా? ఇప్పుడు నోరు మూసుకుని పడుకో."

రెండు వారాల తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం, తిబ్రా కోడలు జహ్వా ఫోన్ చేసింది. "అత్తా, ఊపిరి అందట్లేదు. నిన్నే అడుగుతోంది."

మగవాళ్ళందరూ పాత మసీదులో నమాజుకి వెళ్ళారు. నాన్న సెల్లు ఆఫ్. అమ్మ పుట్టింట్లో ఉంది, నేను ట్రిపోలీలో, కాలేజీలో. నానమ్మ ముసుగు కప్పుకుని, డెబ్బై ఏళ్ళకి మొదటిసారి ఒంటరిగా గుమ్మం దిగింది.

తిబ్రా ఇంటికి నీలం గేటు, పైన నీళ్ళ ట్యాంకు. కారులోంచి చూసిన గుర్తు అంతే. కొత్త ఊళ్ళో అందరివీ నీలం గేట్లే, అన్నిటి మీదా ట్యాంకులే. మూడు తలుపులు కొట్టింది. మూడూ వేరేవాళ్ళవి. నాలుగో ఇంట్లో ఒక పిల్లతల్లి తలుపు తీసింది.

"ఎవరింటికి అవ్వా? ఏ వీధి?"

"వీధులు నాకేం తెలుసు తల్లీ! మీ మిద్దె ఒక్కసారి ఎక్కనివ్వు, చూసి చెప్తా."

ఆ అమ్మాయి తెల్లబోయింది. అయినా దారి ఇచ్చింది.

పైకెక్కగానే నానమ్మకి కనిపించింది. తిబ్రా ఎర్రచారల దుప్పటి, తీగ మీద ఆరేసి ఉంది. నాలుగే ఇళ్ళు. మధ్యలో రెండు రోడ్లు.

"అదిగో! అదే!" అంటూ పిట్టగోడ మీద మోకాలు పెట్టేసిందట, అలవాటు కొద్దీ. పిల్లతల్లి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. సరిగ్గా అప్పుడే తిబ్రా ఇంట్లోంచి ఆడవాళ్ళ ఏడుపు లేచింది.

నానమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. చేతిలో నీళ్ళు లేవు, ఏమీ లేవు.

జూలై ఎండలకి మేం ఎప్పట్లాగే చల్లదనం కోసం పాత ఇంటికి వెళ్ళాం. నానమ్మ మిద్దె మీద పొయ్యి వెలిగించి టీ పెట్టింది. పిట్టగోడ దాటింది. వెనకే వెళ్ళాను. ఒకటి, రెండు, ఏడు మిద్దెలు. ఎక్కడా తడబడలేదు. తిబ్రా మిద్దె మీద పొయ్యి రాళ్ళు మూడు, బోర్లించిన కుండ ఒకటి. నానమ్మ ఆ కుండని తిప్పి నిలబెట్టింది. కాసేపు చూసి, మళ్ళీ బోర్లించింది.

తిరిగొచ్చాం. టీ ఇంకా పొంగలేదు.

"చూశావుగా తల్లీ," అంది పొయ్యి ముందు కూలబడుతూ, "వెళ్ళలేనంత దూరమేం కాదు."