కొంగు లేని గుడ్డ

మొదట చప్పుడు వినిపించింది. తెల్లవారుజామున, వీధిలో మగ్గాలింకా మేలుకోకముందు, గోడ అవతల ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టు సన్నగా చిరచిరమనేది. కాసేపు ఆగేది. మళ్లీ మొదలయ్యేది. గద్వాల బడిలో ఉద్యోగం దొరికి, మాసయ్య ఇంటి ముందు గదిలో అద్దెకు దిగిన మర్నాడు నన్ను లేపింది ఆ చప్పుడే.

ఎలుకలనుకున్నాను. ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే గుమ్మం పక్కన ఒకామె కూర్చుని ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, పాత వార్తాపత్రిక ముక్కను రెండు అరచేతుల మధ్య పెట్టి నలుపుతోంది. చలికి వణికే పసిబిడ్డ వేళ్లను వెచ్చబరుస్తున్నంత నెమ్మదిగా నలిపి, విప్పి, తన చెంపకు ఆనించి చూసుకుని, ఇంకా గరుకుందని మళ్లీ నలుపుతోంది.

ఆమె జోగులమ్మ, మాసయ్య కోడలు. పుట్టిల్లు రాజోలి. అక్కడ తండ్రి పక్కన కూర్చుని మగ్గం నేర్చుకుంది. ఇక్కడ మాత్రం మగ్గం మగవాళ్లది, ఆడవాళ్లు కండెలు చుట్టాలి. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నడిస్తే మట్టెల చప్పుడు కూడా సర్దుకుని నడిచేది.

అవి జర్మనీ లడాయి రోజులు. ఆ యేడు ఎండాకాలంలో మాసయ్య మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎడమకు ఒరిగిపోయాడట. పక్షవాతం. మాట పోయింది. ఎడమ కాలూ చెయ్యీ పోయాయి. కుడి చెయ్యి, కళ్లు మిగిలాయి. మూతి వంకరపోయి ఎడమ మూల నుంచి ఉమ్మి కారుతూనే ఉండేది. పెట్టిన ముద్దలో సగం గడ్డం మీదికి వచ్చేది. అది తుడవడానికే ఆ కాగితాలు.

బట్ట నేసే ఇంట్లో కాగితమేమిటని మాసయ్య కొడుకు కురుమూర్తిని అడిగాను. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపకుండానే చెప్పాడు.

"మా నాయిన పట్టింపు సారూ. మగ్గం దిగిన బట్టను మా ఇంట్ల చింపరు. దాంతోని మురికి తుడవరు. చీర పాతగైతే బొంత కుడ్తరు. బొంత గుడ చీకిపోతే బీచుపల్లికి పొయ్యి కృష్ణల ఇడుస్తరు."

"మరి పొయ్యి మీది కుండ దించాలంటే?"

"మా ఆమె మోదుగాకులు మడిచి దించుతది. ఊర్ల అందరిండ్లల్ల మసిగుడ్డ ఉంటది. మా ఇంట్ల లేదు. మా నాయిన ఉండనియ్యలే."

కోడలు మామ మూతిని చేత్తో ముట్టడం కూడా ఆ ఇంటి మర్యాద కాదు. పెళ్లై వచ్చిన నాటి నుంచి జోగులమ్మ మాసయ్యతో నేరుగా ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే తలుపుతో చెప్పేది, ఆయన మంచాన పడ్డాక పక్కనున్న ఇత్తడి చెంబుతో చెప్పేది.

"ఓ చెంబూ, జావ చల్లారింది, తాగుమను."

"ఓ చెంబూ, ఎండ పడుతుంది, జర పక్కకు జరుగుమను."

చెంబు మెరుస్తూ వినేది. మాసయ్య కళ్లు మూసి తెరిచేవాడు. అదే ఆయన జవాబు.

కాగితాలిచ్చేది ఎదురింటి బడేబీ. మిరపకాయ బజ్జీలు వేసి అమ్ముకునే ముసలమ్మ. హైదరాబాదు నుంచి వచ్చే ఉర్దూ పత్రికలు పాతవి తెప్పించుకుని పొట్లాలకు వాడేది. చిన్న ముక్కలన్నీ జోగులమ్మకు. ఒకరోజు బడేబీ లోపలికొచ్చి, మాసయ్య ముఖం చూసి గడప దగ్గరే ఆగిపోయింది. తడి తగిలి పత్రిక సిరా ఆయన చెంపకు దిగింది. అక్షరాలు తిరగబడి, నల్లచీమల బారులా గడ్డం దాకా పాకాయి.

"అరే మాసయ్యా, నీ చెంపకు ఖబర్ వచ్చిందిరా! పంతులు సారూ, ఇటు రా, సదువు. లడాయి యాడిదాంక వచ్చిందో జెప్పు!"

మాసయ్య కుడి కంట్లో నవ్వు కదిలింది. జోగులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను వంగి చూశాను. సిరా కింద చర్మం కందిపోయి ఉంది. మూతి మూలన సన్నగా చిట్లింది. చదవలేకపోయాను.

వానలు మొదలయ్యేసరికి కాగితం కరువైంది. లడాయికే పోతోందని కొందరు, దాచిపెట్టారని కొందరు. బడేబీ లింగాల అడవి నుంచి వచ్చే మోదుగాకుల్లో బజ్జీలు కట్టడం మొదలుపెట్టింది.

"ఖతం అయింది బిడ్డా," అంది జోగులమ్మతో, ఖాళీ చేతులు తిప్పి చూపిస్తూ. "గిదొక్కటే ఉంది. బెల్లం కట్టిన అట్ట. గిది నీ మామ మూతికా? గోడకు రుద్దినా సున్నం ఊడొస్తది."

జోగులమ్మ ఆ అట్టనే తీసుకుంది. తెల్లవారుజామున చిరచిర మరింత సేపు వినిపించేది. అట్ట మెత్తబడలేదు. మోదుగాకుతో ప్రయత్నించింది. ఆకు మీద తడి జారిపోయేది తప్ప ఆకులోకి ఇంకేది కాదు. మాసయ్య మూతి మూల పుండైంది. ముద్ద వెనకాల అట్ట వస్తుందని ఆయనకు తెలిసిపోయింది. ముద్ద కనపడగానే ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. తర్వాత జావకీ నోరు తెరవడం మానేశాడు. చేతి ఎముకలు చీర కింది మగ్గం కర్రల్లా తేలాయి. నాడి చూసిన వైద్యుడు కురుమూర్తిని బయటికి తీసుకెళ్లి చెప్పాడు. మందు తన దగ్గరుందట, కానీ తినని మనిషికి మందు లేదట.

ఆ మాట జోగులమ్మ విన్నది. ఆ పూట జావ గిన్నెతో మంచం దగ్గర కూర్చుంది.

"ఓ చెంబూ, ఒక్క గుక్క తాగుమను. ఓ చెంబూ, పుండు కాడికి పోకుంట తుడుస్త అని జెప్పు."

ఆయన పెదవులు బిగించే ఉంచాడు. ఆమె ఏమనుకుందో, తాను కట్టుకున్న చీర కొంగు తీసి, వేలికి చుట్టి, ఆయన గడ్డానికి ఆనించబోయింది. మిగిలిన ఆ ఒక్క కుడి చెయ్యి లేచి కొంగును నెట్టేసింది. అంత బలం ఆయనలో ఇంకా ఉందని ఎవరికీ తెలియదు. జావ నేలపాలైంది. జోగులమ్మ నేల అలికి, గిన్నె కడిగి, పెరటి గోడకు ముఖం పెట్టి చాలాసేపు నిలబడింది.

ఆ వారం కురుమూర్తి ఒక చీర నేసి దించాడు. చీర కోసి దించాక కూడా నిలువు పోగుల పడుగు చివర కొంత మిగులుతుంది. చీరకు చాలదు, వదిలెయ్యడానికి మనసొప్పదు. కొత్త పడుగు పోగులు దానికే అతుకుతారు.

"గా మిగిలింది నాకియ్యి," అంది జోగులమ్మ.

"ఏం జేస్తవ్?"

"నేస్త."

"చీర గాదు, రుమాలు గాదు. ఏందది?"

"మూతి తుడ్సే గుడ్డ."

కురుమూర్తి తండ్రి ఉన్న గదివైపు చూసి గొంతు తగ్గించాడు. "నాయిన పానముండంగనే నియమం దప్పుతవా?"

"తప్పుత లేను. చింపుత లేను గద. చీరను దెచ్చి మురికిల ముంచుత లేను గద. గిది పుట్టుడే గా పనికి పుడతది. పొయ్యిల కట్టె పొయ్యి కోసం పుట్టలేదా? జర జరుగు."

కురుమూర్తి జరిగాడు. ఆ ఇంటి మగ్గం గుంటలో ఆడమనిషి కాలు పెట్టడం అదే మొదలు.

బడి నుంచి వచ్చేసరికి మగ్గం చప్పుడు వేరుగా వినిపించింది. కురుమూర్తి దెబ్బ గట్టిది, గోడ కూడా వింటుంది. ఇది నిద్రపోతున్న వాళ్ల తలుపు తట్టినట్టుంది. పోగుకూ పోగుకూ మధ్య కొంచెం గాలి మిగలాలని, గుడ్డ మెత్తగా రావాలని ఆమె కావాలనే వదులుగా కొడుతోంది. పడుగు నడుమ నుంచి రెండు జానల వెడల్పు మాత్రం తీసుకుని తెల్ల నూలు నేసింది. కోసి, గంజి పోయేలా ఉతికి, ఎండలో ఆరేసింది. సాయంత్రం తెచ్చి మాసయ్య కుడి చేతిలో పెట్టింది.

ఆయన కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాడు. నేత చేతికి చూపు వేళ్లలోనే ఉంటుంది కాబోలు. తెల్లటి మైదానమంతా నడిచి వెళ్లిన వేళ్లు చివరకు వచ్చి ఆగాయి. అక్కడ ఎర్ర నూలుతో రెండు వేళ్ల వెడల్పున కొంగు ఉంది. మాసయ్య ఆ గుడ్డను మగ్గం దిగిన చీరను అద్దుకున్నట్టే కళ్లకు అద్దుకున్నాడు. నాలుగు మడతలు వేయాలని చూశాడు, రెండు పడ్డాయి. దిండు కింద దాచుకున్నాడు. పెదవులు బిగించాడు.

జోగులమ్మ తెల్లబోయింది. కురుమూర్తికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"కొంగు నేసినవ్ గదనే! కొంగుంటే ఆయనకది చీర. చీరతోని మూతి తుడుసుకుంటడానె ఆయన?"

"నేను నెయ్యలే," అంది జోగులమ్మ తన చేతులు చూసుకుంటూ. "గియ్యే నేసినయ్. బట్ట అయిపోవస్తుంటే ఎర్రనూలు కాడికి గియ్యే పోతయ్. కొంగు లేకుంట ఆపుడు వీటికి తెల్వదు."

మర్నాడు పొద్దున్నే, ఇంకా మిగిలిన పడుగు మీద మళ్లీ కూర్చుంది. ఈసారి కురుమూర్తి ఎర్ర కండెలన్నీ ఏరి తన ఒడిలో పోసుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు. గుడ్డ చివరికొస్తుంటే ఆమె చెయ్యి పక్కకు సాగింది. "ఆ... ఆ... దొంగ చెయ్యి!" అన్నాడు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అన్నాళ్లకు నవ్వు వినిపించింది. తెల్లగా మొదలైన గుడ్డ తెల్లగానే ఆగింది. చూస్తుంటే, చెప్పడం పూర్తికాకుండా వదిలిన మాటలా ఉంది.

ఉతికి ఆరేసి తెచ్చింది. మాసయ్య వేళ్లు మళ్లీ బయల్దేరాయి. ఒక చివర చూశాయి. ఏమీ లేదు. తిప్పి రెండో చివర చూశాయి. మళ్లీ మొదటి చివరకు వచ్చాయి. తిరుణాలలో పిల్లను వెతుకుతున్నట్టు వెతుకుతున్నాయి. జోగులమ్మ చెంబువైపు చూసింది. చెంబులో ఆమె ముఖం చిన్నగా, గుండ్రంగా ఉంది. దాన్ని పక్కకు జరిపింది.

"మామా," అంది.

గుంటలో కురుమూర్తి కాళ్లు ఆగిపోయాయి.

"మామా, ఎతక్కు. దానికి కొంగు లేదు. అది చీర గాదు. నీ మూతి కోసమే నేసిన. నీ నియమం నేను దప్పలే. జర నోరు తెరువు."

మాసయ్య ఆమెను చూశాడు. ఆ ఇంట్లో అన్నేళ్లుగా చెంబుకూ తలుపుకూ మాత్రమే వినిపించిన గొంతు మొదటిసారి తన కోసం వచ్చింది. ఆయన కంటి నుంచి జారిన నీటిచుక్క పుండు దాకా వచ్చింది. ఆమె దాన్ని గుడ్డతో అద్దింది. గుడ్డ తాగేసింది. ఆయన నోరు తెరిచాడు.

ఒక చెంచా జావ. ఒక అద్దుడు. మరో చెంచా. గిన్నె సగమైంది.

ఆ తర్వాత ప్రతి చీర చివరా పడుగు కాస్త పొడుగ్గా మిగిల్చేవాడు కురుమూర్తి. అలాంటి గుడ్డలు ఒక బుట్టెడయ్యాయి. తెల్లవారుజామున చిరచిర పోయి, దాని చోట బండ మీద తడిగుడ్డ చప్పుడు వచ్చింది. బూడిద నీళ్లలో ఉడికించి, కుంకుడుకాయ రసంతో ఉతికి, ఎండ ఏ గోడ మీదుంటే అక్కడ దండెం కట్టేది. వీధిలో పోతూ పక్కింటి రంగమ్మ ఊరుకునేదా?

"ఏం జోగులమ్మా, బొమ్మలకు చీరలు నేస్తున్నవా?"

"అవునక్కా. మా ఇంట్ల ముసలిబొమ్మ ఉన్నడు. పూటకో చీర గావాలంటడు."

లోపల మంచం కిర్రుమనేది. మాసయ్య నవ్వుతున్నాడని అందరికీ తెలిసేది.

పుండు మానింది. ఆయన ఆ చలికాలం దాటాడు, మళ్లీ వానలు చూశాడు. జొన్న కోతలప్పుడు, ఒక మధ్యాహ్నం, జావ తాగి, మూతి తుడిపించుకుని, నిద్రలోనే పోయాడు. దిండు కింద ఎర్ర కొంగు గుడ్డ అలాగే ఉంది. కురుమూర్తి దాన్ని ఆయన ముఖం మీద కప్పాడు. మిగతా గుడ్డలు మంచంతో పాటు పారెయ్యమన్నారు చుట్టాలు. జోగులమ్మ బుట్టను ఒళ్లో పెట్టుకుంది.

"గివి రోగంవి గావు. పనివి. పని నేర్సినంక పారేస్తరా?"

వాటిని మళ్లీ ఉడికించి, ఎండలో ఆరబెట్టి, సగం బడేబీ కూతురు రజియాబీ బాలింతై ఉంటే పంపింది. ఆ పసివాడి మూతి చుట్టూ పాల నురగ తుడిచింది మాసయ్య గుడ్డలే. "నేనిచ్చిన కాయితం తెల్లారితే చెత్తకుప్పల పడె," అంది బడేబీ మనవణ్ని ఊపుతూ. "నువ్విచ్చింది సూడు, పొద్దుగాల పోతది, మాపటికి తానం జేసి మళ్ల వస్తది."

తర్వాత నన్ను నాగర్‌కర్నూలుకు బదిలీ చేశారు. పెట్రోలు దొరక్క అప్పుడు బస్సులు బొగ్గు మీద నడిచేవి. బయల్దేరే పొద్దు జోగులమ్మ మోదుగాకులో జొన్నరొట్టెలు కట్టి, పైన ఒక తెల్ల గుడ్డ మడిచి పెట్టింది. ఉతికి ఉతికి అది వెన్నెలంత పలచబడింది. ఆమెను నేను చూడడం అదే ఆఖరు. ఆ సంగతి ఆ పొద్దు ఇద్దరికీ తెలియదు. ఆ గుడ్డను కళ్లకు అద్దుకుని, పెట్టెలో బట్టల అడుగున పెట్టబోయాను. మీ ఇంటి గుర్తుగా దాచుకుంటానమ్మా, అన్నాను.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

"నువ్వు గుడ మా మామ లెక్కనే జేస్తున్నవ్ సారూ. దాసుకోనీకి దానికి కొంగుందా? బొగ్గు బస్సుల మొఖమంత మసి అయితది, మంచిగ తుడుసుకో. ఉతుకు, ఆరెయ్యి, మళ్ల తుడుసుకో. ఇటు దిక్కు వచ్చినప్పుడు యాదిమరువకుంట తెచ్చియ్యి."