చెల్లి కోసం నేను రాసిన సంఘ లేఖ

ఆ ఆదివారం కెనడాలో, మా మిల్టన్‌లో, చర్చి ఆరాధనకి చీర కట్టుకుంటుండగా ఇంగ్లండ్ నుంచి చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, నా సెటిల్డ్ స్టేటస్ రిజెక్ట్ చేశారు."

"అదేంటే? అన్నీ పంపావుగా!"

"పంపాను. నువ్వు రాసిన సంఘం లెటర్‌లో మాటలే చూపించి రిజెక్ట్ చేశారు."

చేతిలో కుచ్చిళ్లు జారిపోయాయి.

చెల్లి భర్త గోవా మనిషి. గోవా పోర్చుగల్ పాలనలో ఉన్న తాతల కాలం వల్ల దొరికిన పోర్చుగల్ పాస్‌పోర్టుతో ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ ఉండే హక్కు చెల్లికి అతని వల్లే వచ్చింది. బ్రిటన్ యూరప్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక అలాంటి కుటుంబాలకి ముందు తాత్కాలిక స్టేటస్ ఇచ్చారు. ఐదేళ్లు వరుసగా ఉన్నారని తేలితే అది శాశ్వతమైన సెటిల్డ్ స్టేటస్ అవుతుంది. మధ్యలో ఏ ఏడాదీ ఆరు నెలలు మించి బయట ఉండకూడదు. జబ్బులాంటి గట్టి కారణం చూపిస్తే ఒక్కసారికి ఒప్పుకుంటారు.

చెల్లి మా ఇంట్లో ఎనిమిది నెలలు ఉంది.

డ్రైవ్‌వేలో మంచు మీద జారి నేను తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ చేసి కీలు మార్చారు. మా ఆయన పొద్దున్నే టొరంటో రైలెక్కితే సాయంత్రం దాకా నాకు చెల్లే దిక్కు. పక్క మీద తిప్పడం, బెడ్‌పాన్ పెట్టడం, తల దువ్వడం అన్నీ తనే. మా చర్చి సంఘం నా కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన పెట్టింది. ఆఖరి రోజు వాకర్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడగలిగాను. ఆ సాయంత్రమే జూమ్‌లో సాక్ష్యం చెప్పాను: ప్రభువు నన్ను లేపి నడిపించాడని. అందరూ స్తోత్రాలు చెల్లించారు.

మూడు వారాలకి కీలు పక్కకి జరిగింది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ మంచం. ఆ సంగతి సంఘానికి చెప్పలేకపోయాను. చెబితే దేవునికి రావాల్సిన మహిమ తగ్గిపోతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా చెల్లితో కలిసి ఇంట్లో ప్రార్థనలో గడుపుతున్నాననేదాన్ని.

"నువ్వు నలభయ్యో రోజే నడిచేస్తే, నేను రోజూ మోస్తున్నది ఎవర్నే?" అనేది చెల్లి.

"ఊరుకోవే, ఎవరైనా వింటారు."

చెల్లి తిరిగి వెళ్లేటప్పుడు మా వాడుక ప్రకారం అక్కడి సంఘానికి పరిచయ లేఖ ఇచ్చాం. సంఘ కార్యదర్శిని కాబట్టి నేనే రాశాను. అక్క నలభై రోజుల్లో స్వస్థపడినా ఈ సహోదరి స్త్రీల ప్రార్థన పరిచర్య కోసం మిగతా నెలలు ఉండిపోయిందని రాశాను. మా పాస్టర్ అయ్యగారు నన్ను నమ్మి సంతకం చేశారు. తర్వాత అప్లికేషన్‌కి ఆస్పత్రి కాగితాలు పంపమని చెల్లి అడిగితే, "అవన్నీ ఎందుకే, ఆ లేఖే పెట్టు, అయ్యగారి సంతకం చాలదా?" అన్నది కూడా నేనే.

ఇప్పుడు ఆ లేఖే చెల్లిని భర్త ఉన్న దేశం నుంచి పంపించేసేలా ఉంది. తాత్కాలిక స్టేటస్‌కి ఇక కొన్ని నెలలే మిగిలాయి.

ఆరాధన మొదలవకముందే, మేం అద్దెకి తీసుకునే స్కూల్ జిమ్‌లో, అయ్యగారికి అంతా చెప్పేశాను. ఆయన సర్దుతున్న కుర్చీలోనే కూర్చున్నారు.

"అప్పీల్‌కి ఇంకో లెటర్ ఇద్దామమ్మా. కానీ మొదటిది అబద్ధమని సంఘానికి నేను చెప్పాలా, మీరు చెబుతారా?"

సాక్ష్యాల వేళ మైక్ తీసుకున్నాను. రెండో ఆపరేషన్ దగ్గర నుంచి లేఖ దాకా ఏదీ దాచలేదు. ఒక్కరూ ఆమెన్ అనలేదు. ముందు వరసలో కూర్చున్న ఆంటీ, నా కోసం నలభై రోజులూ ఒంటిపూట భోజనంతో ఉన్నావిడ, లేచి నిలబడింది.

"మేమిక్కడ స్తోత్రాలు పాడుతుంటే నువ్వు మంచంలో ఉన్నావా?"

"అవునాంటీ."

"పిచ్చిదానా, చెబితే కూర వండి తెచ్చేదాన్ని కదే!"

ఇంటికొచ్చి కొత్త లేఖ రాసి, అయ్యగారి సంతకం తెప్పించి, చెల్లికి ఫోన్లో చదివి వినిపించాను.

"బెడ్‌పాన్ సంగతి కూడా రాశావా?"

"రాశాను."

"అయ్యగారు చదివారా?"

"చదివే సంతకం పెట్టారు."

ఆ మర్నాడే ఆస్పత్రి కాగితాలు జతచేసి పంపేశాం. అక్కడి నుంచి జవాబు ఇంకా రాలేదు.