మ్యాపులో వదిలేసిన తోపు

ఆ సాయంత్రం కరెంటు రాగానే ఫైనెస్ అక్క డ్రోను బ్యాటరీలు చార్జింగుకు పెట్టి, రెక్కలకు పట్టిన దుమ్మును, నడుముకు చుట్టుకునే పాత చితెంజె గుడ్డతో తుడిచింది. మొక్కజొన్న సంకటి, వేయించిన ఉసిపా చేపలు తిని, "పొద్దున్నే ఎగరెయ్యాలి, నన్ను లేపరా దాలిత్సో" అని పడుకుంది. లేపడానికి వెళ్ళాను. లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. బ్యాటరీల మీద పచ్చ దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

లింతిపె నది ఒడ్డు పల్లెలన్నిటికీ అక్క డ్రోను తెలుసు. వానలకు ముందు పైనుంచి ఫొటోలు తీసి, వరద ఎంతవరకు వస్తుందో మ్యాపు తయారుచేసేది. రూల్సంటే మహా పట్టుదల. విమానాల ఆఫీసుకు ముందే చెప్పాలి, కంటికి కనబడేంత దూరంలోనే ఎగరాలి, జనం నెత్తి మీదికి పోకూడదు. లైసెన్సు లేదని నన్ను ఒక్కసారీ మీటలు ముట్టుకోనివ్వలేదు. ఊళ్ళో ఎవరైనా పోతే ఆ రోజు డ్రోను పెట్టె తెరిచేదే కాదు. ఆ నియమం ఏ చట్టంలోనూ లేదు, అక్కదే.

మా సొంత ఊరి వంతు వచ్చినప్పుడు చిక్కొచ్చిపడింది. అంతకుముందు వానల్లో నది మా వీధిని సగం మింగింది. మ్యాపు వస్తేనే ఒడ్డున కట్ట పోస్తామన్నారు జిల్లా ఆఫీసువాళ్ళు. సరిగ్గా నది మలుపులో శ్మశానం తోపు ఉంది. చావులకూ జాతరలకూ ఆడే ముసుగు నాట్యగాళ్ళు ఎవరి కంటా పడకుండా తయారయ్యేదీ అక్కడే. ఎవరినైనా పూడ్చేటప్పుడు తప్ప ఆడవాళ్ళు అటు తొంగిచూడరు.

అనుమతి కోసం ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళాం. ఆయన మా మేనమామ కపెసా.

"ఏమే, నీ కందిరీగ ఆడదా, మగదా?" అన్నాడు డ్రోను పెట్టె వైపు చూసి.

"ఇంకా గుడ్డు పెట్టలేదు మామయ్యా, ఎలా చెప్పను?"

మామయ్య పగలబడి నవ్వి, "నువ్వెళ్ళి కూరకో కోడిని పట్టుకురారా" అని నన్ను పంపించేశాడు. కోడితో తిరిగొచ్చేసరికి అక్క పెట్టె మూసేసి లేచి నిలబడింది.

"తోపు మీద ఎగరెయ్యడం లేదు. టేపు పట్టుకో."

"ముసలాయన మొండితనానికి ఊరంతా మునగాలా?"

"నోరు ముయ్యి. కర్రలు కూడా తే."

తోపు బయటి అంచు పొడుగునా ముళ్ళకంపల్లో నడిచి, కర్రలు పాతి కొలిచాం. మ్యాపులో తోపు తెల్లగా మిగిలిపోయింది.

"ఈ మచ్చేంటమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"మావాళ్ళు పడుకున్నారు సార్ అక్కడ. చుట్టూ కొలిచాను, సరిపోతుంది."

సరిపోయింది. కట్ట పడింది. ఆ తర్వాతి వానలకు నది దాన్ని తాకి వెనక్కి మళ్ళింది. అన్నం దగ్గర నేను మామయ్య చాదస్తాన్ని ఎన్నిసార్లు వెక్కిరించినా, అక్క నవ్వేదే కానీ మాట్లాడేది కాదు.

అక్కను ఆ తోపులోనే, అమ్మ పక్కన పూడ్చాం. తిరిగొస్తుంటే మామయ్య నా భుజం పట్టుకున్నాడు.

"ఆ రోజు ఎగరేసుకోమనే చెప్పానురా. పెద్దల్ని కూడా ఒప్పించి ఉంచాను. అదే వద్దంది."

"ఎందుకు?"

"'అమ్మ ఉంది కదా మామయ్యా అక్కడ. జనం నెత్తి మీద ఎగరెయ్యకూడదని రూలు' అంది."